ఎవరి తాలూకు?

వెంకటరావమ్మ కోల్డ్ స్టోరేజీ రెండో వెర్షన్ నుంచి మూడో వెర్షన్‌కు ఎదిగింది. ఈ శుభవార్తను ఉభయ జిల్లాల రైతాంగానికి అందజేస్తూ యజమాని నాగేంద్రబాబు గారు మార్టూరు దారిలో కట్టించిన ఫ్లెక్సీ ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉంది. ఎదిగింది ఏమిటో, ఎదిగి ఏం చేస్తుందో అందులో రాయలేదు. అభివృద్ధిని పట్టుకుని వివరాలు అడగడం మన వైపు మర్యాద కాదు గనుక ఎవరూ అడగలేదు కూడా.

నిజానికి ఎదిగింది గేటు దగ్గర లారీల వరస తేల్చే కంప్యూటర్ ప్రోగ్రాం. అది పైథాన్ అనే భాషలో రాసింది. పైథాన్ అంటే పాము అని ఎవరో చెప్పగా, ఫ్లెక్సీ వేసినాయన పడగ విప్పిన నాగుపామును గీసి, దాని నీడలో నాగేంద్రబాబు గారిని చేతులు జోడించి నిలబెట్టాడు. అది కొండచిలువ అనీ, దానికి పడగ ఉండదనీ కంప్యూటర్ గదిలో పనిచేసే నస్రత్ చెప్పింది. "నాగేంద్రబాబు కోల్డ్ స్టోరేజీలో పాముకి పడగ లేకపోతే జనం నవ్వరూ?" అని ఆయన అడిగారు. నస్రత్ చదివిన ఎంసీయేలో ఆ ప్రశ్నకు సమాధానం లేదు.

ఆ గదికి అధికారి, గుమాస్తా, అటెండరు అన్నీ నస్రతే. మార్టూరులో గ్రానైటు పాలిష్ పట్టే యూనిట్లో వాళ్ళ నాన్న పనిచేస్తాడు. ఆ యూనిట్ యజమాని నాగేంద్రబాబు గారికి ఒక ఫోన్ చేయగా ఈ ఉద్యోగం వచ్చింది. ఆమెకు మంచి మార్కులే వచ్చాయి గాని, వాటిని ఎవరూ అడగకపోయేసరికి ఆ కాగితాలు బీరువాలో చీరల కింద విశ్రాంతి తీసుకుంటున్నాయి. నెమ్మదైన పిల్ల. తప్పు తనదైనా కాకపోయినా ముందు "సారీ సార్" అని, తర్వాత ఆలోచించే మంచి అలవాటు ఆమెకు ఉద్యోగంలో చేరాకే అబ్బింది.

పాత వెర్షన్‌కు కాలం చెల్లిందని కంప్యూటర్ కొన్నేళ్ళుగా మొత్తుకుంటూనే ఉంది. ఆ సందేశం కనబడగానే మూసేయడం నస్రత్‌కు పొద్దున్నే చేసే మొదటి పని. అయితే మొన్నీమధ్య ఒక పెళ్ళి భోజనాల్లో ఎవరో పెద్దమనిషి, చిలకలూరిపేట వైపు ఒక కోల్డ్ స్టోరేజీ వాళ్ళు మూడో వెర్షన్ వాడుతున్నారని పప్పు కలుపుకుంటూ చెప్పాడు. "మరి మీదేదండీ?" అని కూడా అడిగాడు. ఆ తర్వాత నాగేంద్రబాబు గారికి ముద్ద దిగలేదు. విస్తట్లో బూరె వదిలేసి లేచి వచ్చారంటే విషయం ఎంత తీవ్రమైందో మీరే గ్రహించగలరు.

ముహూర్తం పెట్టించారు. కొబ్బరికాయ సీపీయూ మీదే కొట్టాలని పురోహితుడు గారు పట్టుబడితే, నస్రత్ కాళ్ళావేళ్ళా పడి గుమ్మం మీదికి మార్పించింది. కీబోర్డుకు పసుపు, కుంకుమ పెట్టారు. గేటు బయట మిరప టిక్కీలతో, అంటే కాయలు తొక్కి కుట్టిన గోనె బస్తాలతో, వచ్చిన లారీలు, ట్రాక్టర్లు రోడ్డు దాకా బారులు తీరి ఉండగా, ఆ రైతులను ఉద్దేశించి నాగేంద్రబాబు గారు మైకులో ప్రసంగించారు.

"రైతే రాజు! ఆ రాజుని గేటు దగ్గర నిలబెట్టే రోజులు పోయినయ్యి! ఒకప్పుడు మన మిరపకాయ పాత వెర్షన్లో పడుకునేది. ఈ రోజు నుంచి మూడో వెర్షన్లో పడుకుంటుంది! రేపు నాలుగోది వచ్చినా, ఐదోది వచ్చినా, మా అమ్మ వెంకటరావమ్మ పేరు మీద ఎంతవరకైనా పోతాను!"

గేటు దగ్గర నిలబడి ఉన్న రాజులందరూ చప్పట్లు కొట్టారు.

నస్రత్ ఎంటర్ నొక్కింది. తెర మీద నాలుగు లైన్ల ఇంగ్లీషు వచ్చి ఆగిపోయింది. నాగేంద్రబాబు గారు అది శుభాకాంక్షల సందేశమేమో అనుకుని నమస్కారం పెట్టారు.

"ఏమంటోందమ్మాయ్?"

"సారీ సార్. కుదరదంటోంది."

ఏది కుదరదో తెలియాలంటే ఆ గేటు పద్ధతి కాస్త తెలియాలి. సరుకు రాగానే గేటు గుమాస్తా మాబు సాహెబ్ రైతు పేరు, టిక్కీల లెక్క కొట్టి, చివరి గడిలో ఆ రైతు వచ్చి ఎన్ని గంటలైందో కొడతాడు. గంటకోసారి ఆ అంకె మారుస్తుంటాడు. ఎక్కువ గంటలు నిలబడ్డవాడిది ముందు లోపలికి పోవాలి. ఆ వరస తేల్చి ప్రోగ్రాం చీటీ ఇస్తుంది. చీటీ లేనిదే హమాలీ ముఠా టిక్కీ మీద చెయ్యి వేయదు. ఇంతవరకూ ఏ దేశంలోనైనా ఉండే పద్ధతే. మన ప్రత్యేకత ఆ చివరి గడి దగ్గర ఉంది.

"వచ్చి ఎంతసేపైంది?" అని మాబు సాహెబ్ అడుగుతాడు. మన వైపు పరువున్న మనిషి ఎవడూ ఆ ప్రశ్నకు జవాబు చెప్పడు. "నేను ఎమ్మెల్యే గారి తాలూకు," అంటాడు. లేకపోతే "సర్పంచి గారి తాలూకు," అంటాడు. ఒకరిద్దరు ఏమీ అనకుండా ఫోన్ కలిపి మాబు సాహెబ్ చెవికి ఆనిస్తారు. అడిగిందొకటి, చెప్పిందొకటి అయినా, చెప్పింది చెప్పినట్టు కొట్టడమే గుమాస్తా ధర్మం గనుక గంటలుండాల్సిన గడిలో మాబు సాహెబ్ ఆ పేర్లే కొట్టేవాడు. ఏ దిక్కూ లేనివాళ్ళు మాత్రం గంటలు చెప్పుకునేవారు.

పాత వెర్షన్ ఈ ఏర్పాటుకు ఏనాడూ అభ్యంతరం చెప్పలేదు. దాని చేతికి ఒక అంకెనూ ఒక పేరునూ ఇచ్చి ఏది పెద్దదని అడిగితే, కన్ను మూసి తెరిచేలోగా పేరే పెద్దదనేది. అంకె ఎంతైనా సరే. ఒకటిన్నర రోజు నిలబడ్డవాడు పెద్దా, ఫలానా వారి బావమరిది పెద్దా అంటే, బావమరిదే అనేది. ఈ సంగతి దానికి నాగేంద్రబాబు గారు నేర్పలేదు. ప్రోగ్రాం రాసినతనూ నేర్పలేదు. పుట్టుకతోనే దానికా జ్ఞానం ఉంది. ఎక్కడో సముద్రాల అవతల తయారైన భాషకు మన జిల్లా ఇంత బాగా ఎట్లా అర్థమైందా అని, తప్పు వెతుకుతూ వెతుకుతూ ఈ సంగతి కనిపెట్టిన నస్రత్ చాలాసేపు నోరు తెరుచుకుని కూర్చుంది.

కొత్త వెర్షన్‌కు ఆ పాటి లోకజ్ఞానం లేదు. అంకెనూ పేరునూ పక్కపక్కన పెట్టి పోల్చడం తన వల్ల కాదనీ, వీటిలో ఏది పెద్దదో మీరే నోరు విప్పి చెప్పాలనీ అది ఆ నాలుగు లైన్లలో అడుగుతోంది. అంత అమాయకమైన ప్రశ్న మన వైపు పసివాళ్ళు కూడా వేయరు.

అసలు కారణం ఆమె చెప్పేలోగా ఇతర చికిత్సలన్నీ జరిగాయి. ఆపి మళ్ళీ ఆన్ చేశారు. వైర్లు కదిలించారు. తెరకు నిమ్మకాయ దిష్టి తీశారు. వేడెక్కి ఉంటుందని నాగేంద్రబాబు గారు అనుమానించారు. "ఇన్ని టిక్కీలు చల్లబెట్టేవాళ్ళం, ఒక్క కంప్యూటర్ని చల్లబెట్టలేమా?" అని దాన్ని తీసుకెళ్ళి కాసేపు మిరపకాయల మధ్య పెట్టించారు. బయటికి వచ్చాక కూడా ఆ నాలుగు లైన్లే చూపించింది. కాకపోతే దాని ముందు కూర్చున్న ప్రతివాళ్ళూ తుమ్ముతున్నారు.

"పాత వెర్షన్ మళ్ళీ వేసేస్తాను సార్. సాయంత్రానికి అయిపోద్ది," అంది నస్రత్ తుమ్ముల మధ్య.

"ఫ్లెక్సీ కట్టాం కదమ్మా," అన్నారు నాగేంద్రబాబు గారు.

ఆమె ఒప్పుకుంది. ఫ్లెక్సీ కట్టాక వెనక్కి వెళ్ళిన సందర్భం జిల్లా చరిత్రలో లేదు.

"అయితే ఆ గడిలో అందరికీ గంటలే కొడదాం సార్. అది గంటల గడే కదా."

ఆయన ఆమె వంక జాలిగా చూశారు. "అంటే, ఎమ్మెల్యే గారి మనిషి కూడా గంటలు నిలబడాలా?"

"పోనీ ప్రోగ్రాంలో ఒక్క లైను కలిపితే చాలు సార్. వెంటనే నడిచిద్ది."

"కలిపెయ్. దానికి కూడా నన్నడగాలా?"

"'ఎవరి పేరైనా చెప్పినవాళ్ళు, ఎంతసేపు నిలబడినవాళ్ళకన్నా ముందు' అని కలపాలి సార్. మీరొక సంతకం పెడితే..."

నాగేంద్రబాబు గారు కుర్చీలోంచి లేచారు. "అదేం మాటమ్మాయ్? అట్లా రాస్తారా ఎక్కడన్నా? రేపు ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారు? మనమేమన్నా అట్లాంటోళ్ళమా?"

"ఇన్నాళ్ళూ అట్లాగే జరిగింది కదా సార్."

"జరగడం వేరు, రాయడం వేరు!"

బంగారు అక్షరాలతో రాసిపెట్టుకోవలసిన మాట. కాని రాస్తే మళ్ళీ రాయడమే అవుతుంది.

ఇక లాభం లేదని సాంకేతిక సమస్యల పరిష్కార సంఘం వేశారు. అధ్యక్షుడు బాపయ్య గారు. మిర్చి రైతుల సంఘానికి కూడా ఆయనే అధ్యక్షుడు. మిరప నాటడం మానేసిన తర్వాతే ఆయనకు ఆ పదవికి తీరిక దొరికింది. బయట లారీల వరస పక్కనుంచి కారు హారన్ కొట్టుకుంటూ వచ్చి, రైతుల ఇబ్బంది కళ్ళారా చూశానని చెప్పి, ఏసీ వేయించుకుని కూర్చున్నారు. ఆ సరికే తూర్పున మబ్బు పట్టింది. బంగాళాఖాతంలో ఏదో ఉందని పొద్దున వార్తల్లో చెప్పారు. కల్లంలో ఎండిన మిరపకాయ ఒక్క జల్లు తడిస్తే రంగు చెడి, బూజు పట్టి, తాలు కిందికి, అంటే నాసిరకం కిందికి, పోతుందని ఆ గదిలో అందరికీ తెలుసు. అందుకే సమావేశం త్వరగా ముగించాలని ముందే తీర్మానించి, ఆ తీర్మానాన్ని చర్చకు పెట్టారు.

"ఈ పూటకి నిలబడ్డ వరసలో పంపించేద్దామా సార్?" అన్నాడు తలుపు దగ్గర నుంచి మాబు సాహెబ్.

బాపయ్య గారు నవ్వారు. "అట్లా పంపేదానికి కంప్యూటర్ ఎందుకయ్యా మరి?"

మొదట బాపయ్య గారే ఒక ఉపాయం చెప్పారు. యంత్రానికి అంకెలు కావాలంటోంది కదా, పేర్లనే అంకెలుగా మారుద్దాం. ఎమ్మెల్యే గారి పేరు ఇన్ని గంటలకు సమానం, సర్పంచి గారి పేరు ఇన్ని గంటలకు సమానం అని ఒక ధర కట్టేద్దాం. అందరికీ నచ్చింది. ఎమ్మెల్యే గారికి ఏకగ్రీవంగా కట్టారు. సర్పంచి గారి దగ్గరికి వచ్చేసరికి మాజీ సర్పంచి గారి సంగతేమిటన్నారు. మాజీకి సగమన్నారు. ఈ మాట ఎట్లా పొక్కిందో గాని, మాజీ సర్పంచి గారు ఫోన్ చేసి, తాను సగం మనిషినా అని అడిగారు. ఎస్సై గారి డ్రైవరు గొప్పా, తహసీల్దారు గారి మేనల్లుడు గొప్పా అన్న దగ్గర బల్ల మీద గ్లాసు పగిలింది. మనుషుల విలువ ఒక్కసారి పైకి చెప్పడం మొదలుపెడితే ఎంత ప్రమాదమో గ్రహించి సంఘం ఆ ఉపాయాన్ని ఏకగ్రీవంగా మరచిపోయింది.

అప్పుడు బాపయ్య గారు కళ్ళు మూసుకుని, కాసేపటికి తెరిచి, చరిత్రాత్మకమైన ప్రసంగం చేశారు.

"అసలు కష్టం ఎక్కడొచ్చింది? పేర్లలో అంకెలు కలవబట్టి వచ్చింది. అంకెలు ఎవరివి? ఎవరూ లేనోళ్ళవి! స్వాతంత్య్రం వచ్చి ఇన్నేళ్ళయినా మన రైతు ఎవరూ లేనివాడిగా ఉండాల్సిందేనా అని నేనడుగుతున్నా! వీల్లేదు! ఈ రోజు నుంచి ఈ గేటు దగ్గర ప్రతి రైతూ ఎవరో ఒకరి తాలూకు! పేదా గొప్పా తేడా లేదు! ఇదే సమానత్వం!"

నాగేంద్రబాబు గారి కళ్ళు చెమర్చాయి. సాంకేతికంగా కుదురుతుందా అని నస్రత్‌ను అడిగారు. కుదురుతుందని ఆమె చెప్పవలసి వచ్చింది. పేరునూ పేరునూ పోల్చడానికి కొత్త వెర్షన్‌కు ఏ అభ్యంతరమూ లేదు, అక్షరాల వరసలో పోల్చేస్తుంది.

మైకులో ప్రకటించారు. మాబు సాహెబ్ కొత్త జాబితా రాసుకోవడం మొదలుపెట్టాడు. మరుక్షణం వరసలో ఉన్నవాళ్ళందరూ ఫోన్లు తీశారు. ఏళ్ళ తరబడి మాటల్లేని బావలను పలకరించారు. తెగిపోయిన చుట్టరికాలు ఆ మధ్యాహ్నం అక్కడ అతుక్కున్నాయి. ఒకాయన ఆసుపత్రి కాంపౌండరు తాలూకు అయ్యాడు. ఇంకొకాయన కేబుల్ కనెక్షన్ ఇచ్చేవాడి తాలూకు. ఎవరూ దొరకని ఒక భక్తుడు పెదకాకాని మల్లేశ్వరస్వామి తాలూకునన్నాడు. స్వామివారు ఫోన్ చేసి చెబుతారా అని మాబు సాహెబ్ అడిగితే, మొక్కు ఉంది, తప్పకుండా చేస్తారన్నాడు. అదీ రాసుకున్నారు.

ప్రోగ్రాం కదిలింది. మొదటి చీటీ వచ్చింది. అది ఎమ్మెల్యే గారి మనిషిది కాదు. గేటు బయట టీకొట్టు పెట్టుకున్న హుస్సేన్ సాహెబ్ తాలూకుది. ఎవరూ గుర్తుకు రాక, చేతిలో టీ గ్లాసుంది గదా అని, ఆ గ్లాసు ఇచ్చినవాడి పేరు చెప్పేశాడు ఆ రైతు. పెద్దది ముందు అన్నది ప్రోగ్రాం నియమం. అక్షరాల్లో హ వచ్చేది దాదాపు చివర గనుక యంత్రం లెక్కలో అదే పెద్దది. అ, ఎ లాంటివి చిన్నవి. ఇన్నాళ్ళూ వెనక గంటలవాళ్ళు ఉండేవారు గనుక ఎవరూ గమనించలేదు గాని, ఇప్పుడు ఎమ్మెల్యే గారు వరస చివరికి పోయారు.

మన వైపు జనానికి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టదు. పది నిమిషాల్లో టీకొట్టు దగ్గర జాతర. ఇరవై ఏళ్ళుగా అల్లం దంచుతున్న హుస్సేన్ సాహెబ్ మొదట బెదిరిపోయి, "నా పేరేముంది సామీ, రాసుకోండి," అన్నాడు. నలుగురైదుగురు చేతులు కట్టుకుని నిలబడేసరికి ఆయన నడుము తనంతట తానే నిటారైంది. పొయ్యి దగ్గర భార్య జానీబీని కూర్చోబెట్టి, తాను లోపలికి వెళ్ళి ఇస్త్రీ చొక్కా తొడుక్కొచ్చాడు. "చూద్దాం," అన్నాడు. "అందరికీ ఇస్తే పేరుకి ఇలవేముంది?" అన్నాడు. "మాబూకి చెప్తాలే, నువ్వు కాసేపాగి కనపడు," అన్నాడు. ఇవన్నీ ఆయనకు ఎవరు నేర్పారో ఎవరికీ తెలియదు. పొద్దు వాలేలోగా ఎమ్మెల్యే గారి ఆఫీసు నుంచే టీకొట్టుకు ఫోన్ వచ్చింది. మనవాళ్ళిద్దరు ఉన్నారు, కాస్త చూడమని. హుస్సేన్ సాహెబ్ చూస్తానన్నాడు.

అంతా ఇంత సవ్యంగా నడుస్తుండగా ప్రోగ్రాం మళ్ళీ ఆగింది. మళ్ళీ అవే నాలుగు లైన్లు.

నస్రత్ వరసంతా వెతికింది. ఒక్క గడిలో అంకె ఉంది. ఆ గడి గురవమ్మది.

గురవమ్మ పొదిలి వైపు మెట్ట నుంచి వచ్చింది. కౌలుకు తీసుకున్న చేలో నీళ్ళు మోసి పెంచిన తేజ రకం కాయలు. ఆ ఏడాదికి ఆమెకున్నదంతా ఆ చిన్న లారీలోనే ఉంది. నిన్న సాయంత్రం నుంచి నిలబడి ఉంది. మైకులో చెప్పింది విన్నది గాని, అది తనకు చెప్పారనుకోలేదు. మాబు సాహెబ్ పేర్లు రాసుకుంటూ ఆఖరున ఆమె దగ్గరికి చేరి, వచ్చి ఎంతసేపైందని అడిగితే, "నిన్న పొద్దుగూకే యాళ నుంచి," అంది. అడిగిన ప్రశ్నకే జవాబు చెప్పడం వల్ల ఎంత అనర్థం జరుగుతుందో ఆమెకు తెలియదు. ఆ ఒక్క అంకె పేర్ల మధ్యకు వచ్చి కూర్చుంది. దానితో వరస మొత్తం బిగుసుకుపోయింది.

దోషం దొరికిందని బాపయ్య గారు మైకులో ప్రకటించారు. అది యంత్రంలో లేదనీ, ఒక వ్యక్తి మొండితనంలో ఉందనీ వివరించారు. వరసలో ఉన్నవాళ్ళందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆమెను తీసేస్తే పోలేదా అన్నారు కొందరు. నమోదైన సరుకును తీసేయాలంటే కారణం రాసి సంతకం పెట్టాలి. రాయడం వేరని ముందే తేలిపోయింది.

గాలి లేచింది. లారీల మీద కప్పిన పట్టాలు టపటప కొట్టుకుంటున్నాయి. సంఘం మొత్తం గురవమ్మ లారీ చుట్టూ చేరింది.

"ఎవరి తాలూకమ్మా నువ్వు?" అన్నారు బాపయ్య గారు ఓపిగ్గా.

"ఎవరి తాలూకూ కాదయ్యా. నా కాయలు నేను తెచ్చుకున్నా. నా వంతు కోసం నిలబడ్డా."

"అదే వద్దంటున్నా. ఎవరిదో ఒకరి పేరు చెప్పు."

"ఎవరిదో పేరు నేనెందుకు చెప్పాలి? నేను నిలబళ్ళేదా? ఈయన చూళ్ళేదా?" అని మాబు సాహెబ్‌ను చూపించింది. ఆయన మబ్బు వంక చూశాడు.

"గురవమ్మక్కా, పోనీ నీ పేరే నువ్వు చెప్పుకో. గురవమ్మ తాలూకు అని కొట్టేస్తా," అన్నాడు చివరికి మాబు సాహెబ్.

"తప్పు! ఎవరి పేరు వాళ్ళే చెప్పుకుంటా పోతే ఇంక పెద్దోళ్ళెందుకు, సంఘాలెందుకు?" అని బాపయ్య గారు గట్టిగా మందలించారు.

వెనక నుంచి కేకలు మొదలయ్యాయి. "ఒక్క పేరు చెబితే నీ సొమ్మేం పోయింది?" "నీ మూలాన అందరం తడిసి చచ్చేట్టున్నాం!" "ఓసే, ఏ దేవుడిదో చెప్పవే!" నిన్నటిదాకా వాళ్ళలో సగం మంది గంటలు చెప్పుకున్నవాళ్ళే. ఇప్పుడు ఒకరి తాలూకు అయ్యాక వాళ్ళకు గురవమ్మను చూస్తే ఒళ్ళు మండింది.

మొదటి చినుకులు పడ్డాయి. నస్రత్ కిటికీలోంచి చూసింది. గురవమ్మ లారీ ఎక్కి, పట్టా చిరిగిన చోట చీర కొంగు మడిచి కుక్కి, దాని మీద తనే పడుకుంది. మనిషి ఎంత, ఆ చిరుగు ఎంత! నస్రత్‌కు సిగ్గేసింది. తెలిసి తెలిసీ పొద్దుట్నుంచి "సారీ సార్" అంటూ కూర్చున్నందుకు తన మీద తనకే కోపం వచ్చింది. అందరికీ గంటలే లెక్క అని ఒక్క లైను కలిపితే చాలు. ఆమె వేళ్ళు ఆ లైను దాకా వెళ్ళాయి. వెళ్ళి, గ్రానైటు యూనిట్ యజమాని చేసిన ఫోన్ గుర్తొచ్చి ఆగాయి. బయట చినుకు లావెక్కుతోంది.

అప్పుడామె తేలికైన పని చేసింది. గురవమ్మ గడిలో అంకె తుడిచేసి, హుస్సేన్ సాహెబ్ అని కొట్టింది.

ప్రింటరు గుర్రుమంది. గురవమ్మ చీటీ ముందు వచ్చింది. హమాలీ ముఠా ఒక్క ఉదుటున లారీ మీద పడింది. టిక్కీలన్నీ పొడిపొడిగా లోపలికి చేరాక వాన దిగింది. వెనక ఎవరివో రెండు ట్రాక్టర్లు తడిశాయి. ఒకటి అయూబ్ అనే ఎలక్ట్రీషియన్ తాలూకు వాళ్ళది. ఆ పేరు అ తో మొదలవుతుంది గనుక ఎవరూ చేయగలిగింది లేదు.

గురవమ్మ తడిసిన జుట్టుతో కంప్యూటర్ గది గుమ్మం దగ్గరికి వచ్చింది. "ఎట్టా చేశావు తల్లీ?"

"నీ వంతు వచ్చింది పెద్దమ్మా. అంతే."

"వంతు వచ్చేదైతే పొద్దున్నే రావాలిగా?" అంది గురవమ్మ. ఏదో అర్థమైనట్టు తలాడించింది. "సల్లగుండు. నువ్వు గనక చెప్పబట్టి నా కాయలు దక్కినయ్యి," అంది.

తాను ఎవరికీ ఏమీ చెప్పలేదని నస్రత్ అనబోయి ఊరుకుంది. ఆ మాట వినడానికి బాగుంది. ఇంటికి వెళ్ళి వాళ్ళ నాన్నకు కూడా చెప్పింది.

మూడో వెర్షన్ విజయవంతమైందని నాగేంద్రబాబు గారు ఇంకో ఫ్లెక్సీ కట్టించారు. అందులో బాపయ్య గారూ ఉన్నారు. పాము కొంచెం పక్కకు జరిగింది.

మరుసటి ఏడు మళ్ళీ మిరప సీజను. మళ్ళీ అదే వరస. కిటికీ పక్కన కూర్చుని చీటీలు చూసుకుంటున్న నస్రత్‌కు తెలిసిన గొంతు వినబడింది.

"వచ్చి ఎంతసేపైంది గురవమ్మక్కా?" అంటున్నాడు మాబు సాహెబ్.

"నస్రతమ్మ తాలూకయ్యా నేను," అంది గురవమ్మ. ఈసారి నిలబడి చెప్పలేదు. లారీలో కూర్చునే చెప్పింది.

నస్రత్‌కు ఒళ్ళు పులకరించింది. తన పేరు ఆ గడిలోకి రావడం అదే మొదలు. వెంటనే బయటికి వెళ్ళకుండా, మాబు సాహెబ్ ఆ పేరు కొట్టే చప్పుడు వినాలని ఆగింది.

"ఆ పిల్ల పేరా?" మాబు సాహెబ్ గొంతు తగ్గించాడు. "అది వరసలో మధ్యలో ఎక్కడో ఉంటదక్కా. పొద్దుగూకుద్ది."

"అట్టనా? అయితే ఆయమ్మది ఒద్దులే. హుస్సేన్ సాహెబ్ గారిది రాసుకో," అంది గురవమ్మ తడుముకోకుండా.

నస్రత్‌కు చెంప ఛెళ్ళుమన్నట్టయింది. ఎవరి కాయలు ఎవరు కాపాడారు! టీ కాచుకునేవాడికి ఉన్న పాటి విలువ తనకు లేకపోయిందా! ఆమె కుర్చీ ముందుకు జరుపుకుని ప్రోగ్రాం తెరిచింది. నిరుడు నాగేంద్రబాబు గారు సంతకం పెట్టనని లేచి నిలబడ్డారే, ఆ చోటికే నేరుగా వెళ్ళింది. 'నస్రత్ అన్న పేరు ఏ పేరుకన్నా, ఏ అంకెకన్నా పెద్దది' అని ఒక్క లైను కలిపింది. సంతకం ఎవరినీ అడగలేదు. ఎంటర్ నొక్కింది. యంత్రం ఒక్క తప్పు కూడా చూపించలేదు. అది మొదట్నుంచీ అడుగుతున్నది అదే కదా, నోరు విప్పి చెప్పమని.

కనుక పాఠకులకు మనవి. ఈసారి మిరపకాయలతో అటువైపు వెళ్ళేటట్టయితే, వచ్చి ఎంతసేపైందని గేటు దగ్గర అడుగుతారు. గంటలు చెప్పి నవ్వులపాలు కాకండి. నస్రత్ గారి తాలూకునని చెప్పండి. మనకు బాగా తెలిసినమ్మాయే, మీరు వస్తున్నారని ఒక మాట చెప్పి ఉంచుతాను.